జుల్మీరా కేకలు

మట్టి పొయ్యిలోంచి మిఠాయిల రేకును బయటికి లాగుతూ జుల్మీరా ఒక చెవి గదివైపే వేసి ఉంచింది. లోపల తియోదోరో చొక్కా తొడుక్కుంటున్నాడు. బొత్తాలు పెట్టుకునేటప్పుడు ఈల వేయడం ఆయన అలవాటు. ఈల సాగుతున్నంతసేపూ భయం లేదు. మధ్యలో ఆగిందంటే బొత్తం తప్పిందన్నా అర్థం, చేతిలో చొక్కా ఎందుకుందో తోచడం లేదన్నా అర్థం.

ఈల ఆగింది. ఆమె రేకును గట్టు మీద పెట్టి, చురుక్కుమన్న వేళ్ళను లంగాకు రుద్దుకుంటూ కదలకుండా నిలబడింది. కాసేపటికి ఈల మళ్ళీ అందుకుంది. హమ్మయ్య అనుకుని ఆమె మిఠాయిలను పళ్ళెంలోకి మార్చడం మొదలుపెట్టింది. అడుగున పిండితో చేసిన నాలుగు కాళ్ళూ ఒక తలా, పైన పాకం పట్టిన కొబ్బరి. తాబేలు మిఠాయి అంటారు మా ఊళ్ళో. జుల్మీరా చేసినవాటికి తల కాస్త పక్కకు తిరిగి ఉంటుంది. ఇదేమిటని అడిగితే, నా తాబేళ్ళకు పక్కింటి సంగతులు కావాలి అంటుంది.

ఆవేళ మాత్రం ఎవరడిగినా అలా అనే ఓపిక ఆమెకు లేదు. 

అఖాతం అవతలి పట్నం నుంచి మా ఊరికి పడవలో యాత్రికులు వస్తారు. కూలిన మేడలూ, కప్పు లేని చర్చీ, రాళ్ళు పరిచిన వీధులూ చూసి మధ్యాహ్నం సముద్రపు పోటు చూసుకుని వెళ్ళిపోతారు. వాళ్ళను తిప్పి చూపించడం తియోదోరో పని. ముప్పై ఏళ్ళకు పైగా ఆయన చేసింది అదొక్కటే. యాత్రికులను పంపే కంపెనీ నుంచి ఇవాళ లీవియా అనే అమ్మాయి స్వయంగా వస్తోంది. పోయిన నెల ఎవరో ఫిర్యాదు చేశారట. ముసలాయన చెప్పిందే చెప్పాడనీ, ఒకచోట నోరు తెరిచి అలాగే ఉండిపోయాడనీ. ఆ అమ్మాయి చూసి వద్దంటే ఇక వద్దే. ఆ పని ఇంకొకరికి పోతుంది.

తిండికి లోటు లేదు. మిఠాయిలు అమ్ముడుపోతాయి, ఇల్లు సొంతం, పిల్లలు లేరు. జుల్మీరా భయం అది కాదు. పడవ రాని రోజు తియోదోరో ఎలా ఉంటాడో ఆమెకు తెలుసు. ఉప్పుచేపను తీసుకెళ్ళి బట్టల పెట్టెలో పెడతాడు. రొట్టెకని వెళ్ళి తిరిగొచ్చి, మా వీధిలో అన్ని తలుపులూ నీలం రంగువే కదా, ఏ తలుపు తట్టాలో తెలియక ఎండలో నిలబడిపోతాడు. అదే పడవ వచ్చిన రోజు, యాత్రికులతో రేవు దగ్గర ఆ మొదటి మాట అందుకున్నాడంటే చాలు, సాయంత్రం దాకా మళ్ళీ పాత తియోదోరోనే. జోకులేస్తాడు, కూరలో ఉప్పు తక్కువైందంటాడు, నిన్న ఎవరు ఏమన్నారో కూడా చెబుతాడు. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ఒకటే మాట చెప్పింది. "ఆ పని మాన్పించకు జుల్మీరక్కా. ఆ దారెంట నడిచినన్నాళ్ళూ మనిషి నీకు దక్కుతాడు. దారి తప్పించావో, ఇక నా దగ్గర మందు లేదు."

తియోదోరో గదిలోంచి వచ్చాడు. పొడగరి, ఎండుకొమ్మలాంటి మనిషి. తెల్ల చొక్కా, ఇస్త్రీ పాంటు, తలమీద తాటాకు టోపీ. బొత్తాలన్నీ సరిగానే ఉన్నాయి. ఆమె అయినా ఒకసారి కాలరు సర్దింది.

"ఇవాళ ఎవరో వస్తున్నారన్నావు?" అన్నాడు.

"లీవియా అని, కంపెనీ పిల్ల. నువ్వు మామూలుగా చెప్పు, చాలు. నేను వెనకే ఉంటా."

"నువ్వెప్పుడు లేవు గనకా," అని నవ్వాడు. ఆ నవ్వు చూసి జుల్మీరాకు ధైర్యం రావలసింది పోయి ఏడుపొచ్చింది. పళ్ళెం నెత్తిన పెట్టుకుని బయల్దేరింది.

ఆమె వెనక ఉండడంలో ఒక కిటుకు ఉంది. ఏడాది కిందట తియోదోరోకు మాటలు జారిపోవడం మొదలైనప్పుడు ఆమె కనిపెట్టిందే. మిఠాయి అమ్మేవాళ్ళు కేకలు వేయడం మామూలే కదా, ఎవరికీ అనుమానం రాదు. రేవు దగ్గర "చెరుకు పడవల మిఠాయి! బానిసలు మోసిన చక్కెర మిఠాయి!" అని అరిచేది. ఆయన అక్కడ్నించి అందుకునేవాడు. మేడల వీధిలో "ఇద్దరు దొరల మిఠాయి! ఒకరిని మించి ఒకరు!" అనేది. పిడుగు పడిన చర్చి దగ్గర "పిడుగు పడ్డా చెడని మిఠాయి!" అనేది. ఒక్కో మలుపుకు ఒక్కో కేక. ఎత్తు వీధిలో అరిస్తే దిగువ వీధిలో కుక్కలు లేచేవి, అంత గొంతు ఆమెది. యాత్రికులు ముచ్చటపడి కొనుక్కునేవాళ్ళు. ఒక రకంగా వ్యాపారమూ పెరిగింది.

ఊరందరికీ ఈ గుట్టు తెలుసు. తెలిసీ ఎవరం పైకి అనలేదు. అనకపోగా మేమూ ఒక అలవాటు చేసుకున్నాం. తియోదోరో ఎదురుపడితే ముందే మా పేరు చెప్పేసేవాళ్ళం. "నేను జాలరి అనీబల్ని, బాగున్నావా మావా?" "నేను ఫిర్మీనాని తాతా, పనికేనా?" ఆయనకు గుర్తు తెచ్చుకునే బాధ తప్పేది. ఇదేదో ఈ ఊరి పలకరింపు అనుకుని కొందరు యాత్రికులు తామూ పేరు చెప్పి నమస్కారం పెట్టేవాళ్ళు. మాకు లోపల్లోపల నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది.

రేవుకు వెళ్ళి చూస్తే, నీళ్ళు వెనక్కి తీసేస్తున్నాయి. పడవ పట్నంలోనే ఆలస్యమైంది. మా దగ్గర సముద్రం మనిషికి రెండింతల ఎత్తు లేచి, మళ్ళీ అంతా దిగిపోతుంది. నీళ్ళు తీస్తే రేవు మెట్ల కింద బురద తప్ప ఏమీ ఉండదు. అలాంటి రోజు పడవ కొండ చుట్టూ తిరిగి అవతలి ఇసుకతీరాన ఆగుతుంది. అంటే యాత్రికులు ఊరి ఆ చివర దిగుతారు. కథ ఆ చివర్నుంచి చెప్పాలి. ఒకప్పుడు తియోదోరో ఎటునుంచి ఎటైనా చెప్పగలిగేవాడు. ఇప్పుడలా కాదు. మొదటి మాట రేవు దగ్గర పడితేనే రెండోది వస్తుంది, రెండోదాని వెనక మూడోది. తోక పట్టుకుని లాగితే ఆయనకు ఏదీ రాదు.

నీళ్ళు సరిగ్గా ఉన్న రోజులకే మనుషులను పంపించమని ఏవేవో సాకులు చెప్పి నెట్టుకొచ్చింది జుల్మీరా. చివరికి ఆ కంపెనీ పిల్ల వచ్చిన రోజే ఇలా అయింది.

ఇద్దరూ గబగబా ఇసుకతీరానికి నడిచారు. పడవ నడిపే కాస్సియానో ఒక్కొక్కరినీ దించుతున్నాడు. లీవియా పొట్టి జుట్టు, నల్ల కళ్ళద్దాలు, చేతిలో ఫోను. ఆమె వెంట ఎనిమిదిమంది. వాళ్ళలో దక్షిణాది నుంచి వచ్చిన రిటైరైన మాస్టారొకాయన, ఆయన భార్య. మాస్టారు దిగీ దిగగానే ఇసుకలో నిలబడి, "ఇక్కడే మొదలెడదామా?" అన్నాడు.

తియోదోరో కొండకేసి చూశాడు. నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు.

"అయ్యయ్యో, ఇక్కడా!" అని జుల్మీరా ముందుకు దూకింది. "ముందు రేవు పక్కన నీటిబుగ్గ దగ్గర తల తడుపుకోవాలి బాబూ. కొత్తగా అడుగుపెట్టినవాళ్ళు అలా చెయ్యకపోతే మా ఊరిని కాచే పునీత బెనెదీతోకి కోపం. పోయినేడు ఒకాయన వినకపోతే వారంపాటు నడుం పట్టేసింది."

తీరాన వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు చేతులాపి ఆమెను చూశారు. అలాంటి ఆచారం మా ఊళ్ళో ఎప్పుడూ లేదు. కాస్సియానో తాడు చుడుతూ అడిగాడు. "ఏంటక్కా, ఇదెప్పట్నించి?"

"నీ పెళ్ళప్పట్నించి. నువ్వు తడుపుకోలేదు, అందుకే ఇలా తయారయ్యావు."

అందరూ నవ్వారు. మాస్టారి భార్య అప్పుడే టోపీ తీసేసి తల తడుపుకోవడానికి సిద్ధమైంది. లీవియా మాత్రం నవ్వలేదు. ఎండలో అంత చుట్టు తిరగడం ఎందుకో అర్థం కాక తియోదోరోను చూసింది. ఆయన ఎంతో మర్యాదగా తలవంచి, "నడవండమ్మా," అన్నాడు. ఆ ఒక్క మాటకే జుల్మీరా దేవుడికి దండం పెట్టుకుంది.

కొండ అంచున మడచెట్ల పక్కగా నడిచారు. ఎర్రకొంగలు లేచి ఆకాశమంతా రంగు పూసినట్టయింది. యాత్రికులు ఫొటోలు తీసుకున్నారు. జుల్మీరా ఏదీ చూడలేదు. ముందు నడిచే తెల్లచొక్కా వీపును తప్ప ఆమె ఆవేళ దేన్నీ చూడలేదంటే నమ్మాలి.

నీటిబుగ్గ దగ్గర అందరూ భక్తిగా తల తడుపుకున్నారు. రేవు మెట్లు కనిపించాయి. కింద బురదలో పీతలు పరుగెడుతున్నాయి. జుల్మీరా పళ్ళేన్ని సర్దుకుని గొంతెత్తింది. "చెరుకు పడవల మిఠాయో! బానిసలు మోసిన చక్కెర మిఠాయో!"

తియోదోరో వెన్ను నిటారుగా అయింది. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"అమ్మల్లారా, అయ్యల్లారా. ఈ మెట్లు ఎక్కినవాళ్ళు రెండు రకాలు. తమ కాళ్ళతో ఎక్కినవాళ్ళు, సంకెళ్ళతో ఎక్కినవాళ్ళు. మా నాయనమ్మ నాయనమ్మ రెండో రకం. మీరు జాగ్రత్తగా ఎక్కండి, రాళ్ళకు పాచి పట్టింది."

ఇక మాటలు వరసగా వచ్చాయి. ఈ మెట్ల మీదే జుల్మీరా ఆయన్ను మొదటిసారి చూసింది. ఆయన యాత్రికుల పెట్టెలు నెత్తిన మోసే కుర్రాడు, ఆమె తల్లి వెంట మిఠాయి పళ్ళెంతో వచ్చే పిల్ల. పెట్టె మోస్తూనే ఎవరికో ఏదో కథ చెబుతుంటే, నువ్వు చెప్పింది తప్పు అని ఆమె అడ్డం పడింది. తప్పో ఒప్పో తర్వాత చూద్దాం, ముందు ఒక మిఠాయి పెట్టు అన్నాడట. అప్పట్నుంచీ ఆయన చెప్పే ప్రతి కథలో ఆమె ముక్క ఒకటి ఉంటుంది. చక్రవర్తి కోసం తెప్పించిన మంచం మీద చివరికి దోమలే పడుకున్నాయన్న మాట ఆమెదే.

ఎత్తు వీధిలో ఎదురైన మావాళ్ళు యథాప్రకారం పేర్లు చెప్పుకుంటూ పలకరించారు. మాస్టారు కూడా ఆ వరసలో పడి, ఎదురొచ్చిన గాడిదతో సహా అందరికీ తన పేరు చెప్పాడు. లీవియా మొహం కాస్త సడలింది.

మేడల వీధి వచ్చింది. అటొక మేడ, ఇటొక మేడ, రెండూ సగం సగం. వెనకటికి చక్రవర్తి మా ఊరు వస్తాడని కబురొచ్చింది. ఆయన నా ఇంట్లో దిగాలంటే నా ఇంట్లో దిగాలని ఇద్దరు దొరలు పంతానికి పోయి మేడలు లేపారు. చక్రవర్తి రానేలేదు. మేడలకు కప్పే పడలేదు. ఇదీ కథ. తియోదోరో రెక్కలు లేని కిటికీ కింద నిలబడి మొదలుపెట్టాడు. దొరల పేర్లు చెప్పాడు, పోర్చుగల్ నుంచి ఓడలో వచ్చిన పాలరాయి గురించి చెప్పాడు. ఉన్నట్టుండి ఆయన చూపు పైకి పోయింది.

"కప్పు ఇంకా వెయ్యలేదు," అన్నాడు. గొంతులో నిజంగానే కంగారు. "వచ్చే నెల్లోనే వస్తున్నారాయన. మేస్త్రీలు ఇంకా రాలేదు. దొరగారు అడిగితే నేనేం చెప్పను?"

యాత్రికులు పకపకా నవ్వారు. మాస్టారైతే చప్పట్లు కొట్టాడు. "అబ్బ, ఎంత బాగా చేశాడు!" లీవియా కూడా నవ్వి ఫోనెత్తి వీడియో తీయడం మొదలుపెట్టింది.

 అది నటన కాదు. ఆయన కళ్ళలో భయం జుల్మీరాకు తెలుసు. ఆ మొహం నీలం తలుపుల వీధిలో ఎండలో నిలబడ్డప్పటి మొహం. "చక్రవర్తి రాలేదు, మిఠాయి మిగిలిపోయింది!" అని అరిచింది. "రాలేదమ్మా రాలేదు! ఎప్పటికీ రాలేదు! మిగిలిన మిఠాయి!"

తియోదోరో కళ్ళు చికిలించి ఆమె వైపు తిరిగాడు. 

"రాలేదు," అన్నాడు మెల్లగా. "నిజమే. రాలేదు పాపం." ఆ పాపం అనడంలో ఏదో ఉంది. మాస్టారి భార్య కళ్ళు తుడుచుకుంది.

తర్వాతది గడ్డి చౌరస్తా. మధ్యలో రాతిస్తంభం. బానిసలను కట్టేసి కొట్టిన స్తంభం. ఆ చౌరస్తాలో మా ఊళ్ళో ఎవరూ సరుకు కేక వెయ్యరు. ఐసు అమ్మేవాడైనా, చేపలవాడైనా అక్కడికి రాగానే నోరు మూసుకుని దాటుతాడు. ఒకప్పుడు అక్కడ మనుషులనే కేక వేసి అమ్మారు కనక. ఎవరు పెట్టిన నియమమో తెలియదు. మా తాతలు పాటించారు, మేమూ పాటిస్తున్నాం. అంటే జుల్మీరా దగ్గర ఎన్ని కేకలున్నా ఆ ఒక్కచోట ఒక్కటీ పనికిరాదు. ఏడాదిగా ఆమెకు అన్నిటికంటే భయం ఈ చౌరస్తా అంటేనే. ఇన్నాళ్ళూ ఆయన అక్కడ తడబడలేదు. ఆయన నాయనమ్మ చెప్పిన కథ అది, ఎముకల్లో ఉండిపోయింది.

తియోదోరో స్తంభం ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. అందరూ చుట్టూ చేరారు.

ఆయన ఏమీ అనలేదు.

గాలికి గడ్డి ఊగుతోంది. చౌరస్తా మూలన చెట్టు నీడలో లేసు అల్లుకునే ముసలి బెంటా చేతుల్లో పుల్లలు ఆగిపోయాయి. తియోదోరో స్తంభాన్ని కింది నుంచి పైదాకా చూశాడు, ఎప్పుడూ చూడనట్టు. జుల్మీరా పెదవులు కొరుక్కుంది. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అందిస్తే చాలు. 'నాయనమ్మ' అంటే చాలు. గొంతు దాకా వచ్చింది. బెంటా ఆమెను చూసి తల అడ్డంగా ఊపింది. వద్దే, వద్దు. లీవియా కళ్ళద్దాలు తీసేసి ముసలాయన మొహంలోకి చూస్తోంది. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకుంది జుల్మీరా. నెత్తిన పళ్ళెం ఒరిగింది. ఒక మిఠాయి గడ్డిలో పడింది.

తియోదోరో చెయ్యి చాపి అరచేతిని రాయికి ఆనించాడు. రాయి వేడిగా ఉంటుంది ఆ వేళకు. అలాగే ఉంచేశాడు. మొహంలో ఏ భావమూ లేదు. ఎంతసేపో తెలియదు. మాస్టారు టోపీ తీసేశాడు. ఒకావిడ వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఎవరూ చెప్పకుండానే, తమ అరచేయి రాయికి ఆనించి వెనక్కి వెళ్ళారు. లీవియా చివర్న వచ్చి ఆనించింది. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఇక్కడ మాటలెందుకు," అంది పక్కనున్నవాళ్ళతో. "ఎంత పెద్ద మనిషి!"

జుల్మీరాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒంగి గడ్డిలో పడిన తాబేలును ఏరుకుంటూ, "ఆయన సంగతి సరే పిల్లా, నేను చచ్చాను ఇక్కడ," అని తనలో తాను గొణుక్కుంది.

చర్చి దగ్గర పిడుగు కేక సరిగ్గా పనిచేసింది. మధ్యాహ్నం భోజనం వాళ్ళింటి పెరట్లోనే. గోంగూర అన్నం, ఎండు రొయ్యలు, వేయించిన చేప. తియోదోరో బల్ల చివర కూర్చుని వడ్డిస్తూ అందరినీ నవ్వించాడు. కూరలో ఉప్పు తక్కువన్నాడు. జుల్మీరా ఆ మాట విని లోపలికి వెళ్ళి, తలుపు వెనక నిలబడి రెండు నిమిషాలు ఏడ్చి వచ్చింది. ఇంత సంతోషం ఆమెకు ఈమధ్య తెలియదు. లీవియా మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకుంది. "ఒకసారి మా ఆఫీసుకు రావాలి మీరు, అందరికీ పరిచయం చేస్తాను," అని తియోదోరోతో అంది. పడవ సంగతి చూడడానికి వచ్చిన కాస్సియానో గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నాడు.

నీళ్ళు మళ్ళీ ఎక్కడం మొదలైంది. అందరూ ఇసుకతీరానికి దిగారు. పడవ కాస్త లోపలగా ఆగి ఉంది, మోకాలి లోతు నీళ్ళలో నడిచి, పడవకు ఆనించిన చెక్క పలక ఎక్కాలి. యాత్రికులను చెయ్యి పట్టుకుని నడిపించి, పడవలో కూర్చోబెట్టి, "మా ఊరు మీది, మళ్ళీ రండి" అని చెప్పి దిగి రావడం తియోదోరో పద్ధతి. ఒక్కొక్కరికీ ఒక్కో విడత. ఆవేళా అలాగే చేశాడు. ముసలివాళ్ళను ముందు, తర్వాత మిగతావాళ్ళను.

లీవియా జుల్మీరా దగ్గర ఆగింది.

"అమ్మా, నేనసలు ఈ తాతగారిని మాన్పించడానికే వచ్చాను. నిజం చెబుతున్నా," అంది. "ఇలాంటివాళ్ళు ఎక్కడా లేరు. వచ్చే వారం నుంచి ఇంకా ఎక్కువమందిని పంపిస్తాను. ఆయనే చూపించాలి. ఇంకెవరూ వద్దు."

"నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ," అంది జుల్మీరా.  లీవియా ఆమె బుగ్గకు బుగ్గ ఆనించి, నీళ్ళలోకి దిగి వెళ్ళిపోయింది. తియోదోరో ఎదురొచ్చి చెయ్యందించాడు. ఇద్దరూ పలక ఎక్కారు.

జుల్మీరా ఖాళీ పళ్ళేన్ని బోర్లించి దాని మీద కూలబడింది. పొద్దుట్నుంచీ కూర్చోవడం అదే మొదలు. కాళ్ళు పీకుతున్నాయి, గొంతు బొంగురుపోయింది. గండం గడిచింది. వచ్చే వారం ఉంది, ఆ పై వారం ఉంది. ఆయన తనకు దక్కుతాడు. పునీత బెనెదీతోకు కొవ్వొత్తి మొక్కుకుంటూ ఆమె కళ్ళు మూసుకుంది. లేనిపోని ఆచారం అంటగట్టినందుకు రెండో కొవ్వొత్తి కూడా మొక్కుకుంది.

ఇంజను చప్పుడుకు కళ్ళు తెరిచింది. కాస్సియానో పలక లాగేశాడు. తియోదోరో ఏడీ అని నీళ్ళకేసి చూసింది. నీళ్ళలో ఎవరూ లేరు.

ఆయన పడవలో ఉన్నాడు. మాస్టారికీ మాస్టారి భార్యకూ మధ్య బల్లమీద కుదురుగా కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళమీద పెట్టుకున్నాడు. కొండ మీది చర్చినీ, మేడలనూ, తాటిచెట్లనూ ఒక్కొక్కటే చూస్తున్నాడు, వెళ్ళిపోయేవాళ్ళు చూసినట్టు.

దిగుతాడులే అనుకుంది. పడవ ముక్కు పట్నం వైపు తిరిగింది. ఆమె లేచి నీళ్ళలోకి పరుగెత్తింది. ప్రతి మలుపుకూ ఆమె దగ్గర ఒక కేక ఉంది. రేవుకుంది, మేడలకుంది, చర్చికుంది. ఇంటికి రా అని చెప్పడానికి ఒక కేక కావాలని ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఆ పిచ్చిది ఇల్లు మాత్రం ఆయనకు ఎప్పటికీ ఉంటుందనుకుంది.

"తియోదోరో!" అని అరిచింది. "ఓ తియోదోరో! దిగవయ్యా! నేనయ్యా, జుల్మీరాని!"

వలలవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. అంత గొంతు, ఇంజను చప్పుడు మీదుగా కూడా ఆయనకు వినబడింది. తల తిప్పి నేరుగా ఆమెనే చూశాడు. టోపీ తీసి, పైకెత్తి ఊపాడు. తీరాన మిఠాయి అమ్మిన మనిషికి యాత్రికులు ఊపుతారే, అలా. మర్యాదగా, ఇష్టంగా. లీవియా అదీ ఆయన చేసే తమాషానే అనుకుని నవ్వుతూ తనూ చెయ్యి ఊపింది. మాస్టారు ఊపాడు. పడవంతా ఊపింది. కాస్సియానో వెనక్కి తిరిగి చూడలేదు. ముసలాయన కంపెనీ ఆఫీసుకు వెళుతున్నాడనుకున్నాడు, మధ్యాహ్నం విన్నాడు కదా.

నీటి మీద తియోదోరో పక్కనున్న మాస్టారితో ఏమన్నాడో కాస్సియానో విన్నాడు. మర్నాడు ఆయన్ను చెయ్యి పట్టుకుని ఇదే తీరాన దించుతూ, జుల్మీరా మొహం చూడలేక మాతో చెప్పాడు. "మంచి ఊరండీ. మనుషులూ మంచివాళ్ళే. ఈసారి వచ్చినప్పుడు మా ఆవిణ్ణి కూడా తీసుకొస్తాను," అన్నాడట.

ఆ సాయంత్రం మాకు ఇదేమీ తెలియదు. పడవ చిన్నదై, చుక్కై, అఖాతం మధ్యలో కలిసిపోయింది. మర్నాటి పోటు దాకా పట్నం పోయేందుకు ఇంకో పడవ లేదు. ఎవరో ఫోనులు చేస్తున్నారు. బెంటా వచ్చి జుల్మీరాను భుజం పట్టి నీళ్ళలోంచి బయటికి తీసుకొచ్చింది. జుల్మీరా నాలుగడుగులు నడిచి ఆగిపోయింది.

పడవ ఎక్కించడానికి నీళ్ళలో దిగేముందు తియోదోరో విప్పి పెట్టిన తోలు చెప్పులు, మడమలు అరిగి, ఒకదాని పట్టీకి జుల్మీరా నీలం దారంతో వేసిన కుట్టు కనబడుతూ, పొడి ఇసుకలో ఒకదాని పక్కన ఒకటి సముద్రం వైపు తిరిగి ఉన్నాయి.